సీలియాక్ ఉన్నవాళ్లు బయట తినొచ్చా? ఇడ్లీ, బిర్యానీ, పెళ్లి భోజనం, బీరు గురించి ఒక మాజీ హోటల్‌వాడి సమాధానం

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. హైదరాబాద్‌లో ఉద్యోగం, ఉండేది హాస్టల్లో. రెండు నెలల క్రితం ఎండోస్కోపీ చేసి సీలియాక్ (గోధుమలాంటి ధాన్యాలు పడని పేగు జబ్బు) అని తేల్చారు. "గోధుమ మానెయ్యండి, మనం అన్నం తినేవాళ్లమే కదా, మీకేం కష్టం ఉండదు" అని డాక్టరుగారు పంపించేశారు. ఆఫీసువాళ్లతో బయటికెళ్తే ఏం తినాలి, ఇడ్లీ దోశల్ని నమ్మొచ్చా, బీరు పూర్తిగా మానాలా, వచ్చే నెల రాజమండ్రిలో స్నేహితురాలి పెళ్లి ఎలా గట్టెక్కాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను. బయట తినొచ్చు. కాని వంటకం పేరు చూసి కాదు. అది ఏ పెనం మీద కాలింది, ఏ నూనెలో వేగింది, అందులో పడింది ఏ ఇంగువ అన్నది చూసి తినాలి. చపాతీ, పూరీ, ఉప్మా మనల్ని మోసం చెయ్యవు, గోధుమ అని కళ్లకు కనిపిస్తూనే ఉంటాయి. మోసం చేసేవి సాంబారు, దోశ, గారె, బిర్యానీ. బీరు మాత్రం మానెయ్యాల్సిందే, దాని సంగతి కింద చెప్తాను.

నేను డాక్టర్ని కాను. గుంటూరులో 22 ఏళ్లు టిఫిన్ హోటల్ నడిపాను, ఆ తర్వాత కొన్నాళ్లు క్యాటరింగ్ చేశాను. మా అమ్మాయికి పన్నెండో ఏట ఈ జబ్బు బయటపడింది. ఇప్పుడు తనకి 27. అంటే 15 ఏళ్లుగా వంటింటికి అటువైపు నుంచీ ఇటువైపు నుంచీ దీన్ని చూస్తున్నవాణ్ని. అందుకే హోటల్ లోపల జరిగేవి కొన్ని ఉన్నదున్నట్టు చెప్పగలను.

ముందు ఎంత తగిలితే ప్రమాదమో చెప్తాను, లేకపోతే నేను చెప్పేదంతా చాదస్తంలా కనిపిస్తుంది. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ లోపలికి వెళ్లగానే మీ ఒంటి రోగనిరోధక శక్తి మీ పేగు మీదే తిరగబడుతుంది. స్కూల్లో చదువుకున్న ఆంత్రచూషకాలు గుర్తున్నాయా, పేగు లోపలి గోడ మీద సన్నటి వేళ్లలా ఉండి ఆహారాన్ని పీల్చుకునేవి, అవి అరిగి చదునైపోతాయి. 2007లో ఇటలీ వైద్యులు ప్రచురించిన పరిశోధనలో రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలు ఇస్తే చాలు, పేగు దెబ్బతింది. రోజు మొత్తంలో 10 మిల్లీగ్రాముల లోపు అయితే చాలామందికి ఇబ్బంది ఉండదంటారు. ఒక బ్రెడ్ ముక్కలో సుమారు 2 గ్రాముల గ్లూటెన్ ఉంటుంది. దాన్ని 200 తుంపులు చేస్తే అందులో ఒక తుంపు మీ రోజువారీ హద్దు. పెనం అంచున అంటుకున్న చపాతీ పొడిలో అంతకన్నా ఎక్కువే ఉండొచ్చు. వేడికి, నూనెకి, పులియబెట్టడానికి గ్లూటెన్ పోదు. "బాగా వేగింది కదండీ, ఏమీ కాదు" అనే మాట మీరు చాలాసార్లు వింటారు. నమ్మకండి.

మీ డాక్టరుగారు అన్నమాట పూర్తిగా తప్పేం కాదు. మన ప్రాంతంలో ఈ జబ్బు నిజంగానే తక్కువ. ఉత్తర, ఈశాన్య, దక్షిణ భారతాల్లో జరిగిన అధ్యయనం ఒకటి 2016లో వచ్చింది. ఉత్తరాదిలో నూటికి 1.23 మందికి సీలియాక్ ఉంటే, దక్షిణాదిలో 0.10 మందికే ఉంది, అంటే వెయ్యికి ఒకరు. జన్యువుల్లో పెద్ద తేడా లేదు, గోధుమ తిండిలోనే తేడా. అక్కడ మనిషి రోజుకు సగటున 455 గ్రాముల గోధుమ తింటుంటే ఇక్కడ 25 గ్రాములు. మనకిది ఒకవిధంగా మేలు, ఇంకోవిధంగా ఇబ్బంది. తినడానికి బియ్యం ఉంది, నిజమే. కాని హోటల్లో సప్లయరుకి, మాస్టరుకి, చివరికి మీ మేనత్తకి కూడా ఈ జబ్బు పేరే తెలియదు. ఎవరికీ తెలియని జబ్బుతో బయట తినడం కష్టం.

ఇంగువ

దీన్ని ముందు పెట్టడానికి కారణం ఉంది. మా అమ్మాయి ఏడాదిపాటు గోధుమ ముట్టలేదు. అయినా టీటీజీ పరీక్షలో (ఈ జబ్బు ఎంత అదుపులో ఉందో చూసే రక్తపరీక్ష) అంకె తగ్గాల్సినంత తగ్గలేదు. దొంగచాటుగా బిస్కెట్లు తింటోందేమోనని నేను పిల్లని అనుమానించాను, ఒకసారి గట్టిగా కసిరాను కూడా. తీరా చూస్తే దొంగ నా వంటింట్లోనే ఉన్నాడు. అసలు ఇంగువ చాలా ఘాటైన జిగురు. దాన్ని అలాగే వాడలేం కాబట్టి తుమ్మజిగురు, పిండి కలిపి అమ్ముతారు. ఆ పిండి చాలా డబ్బాల్లో గోధుమపిండి లేదా మైదా. డబ్బా వెనక సన్న అక్షరాల్లో రాసే ఉంటుంది. ఇరవై ఏళ్లు ఆ డబ్బాలు కొన్న నేను ఒక్కరోజూ తిప్పి చదవలేదు.

నిజం చెప్పాలంటే చిటికెడు ఇంగువలో ఉండే గ్లూటెన్ చాలా కొద్ది. నలుగురికి చేసిన పప్పులో ఒక చిటికెడు వేస్తే మనిషి వంతుకి రెండు మూడు మిల్లీగ్రాములు రావచ్చు. కాని మన ఇళ్లలో అది పప్పులో, చారులో, పులిహోరలో, పచ్చడిలో, మజ్జిగ పులుసులో, కారప్పొడిలో, ఆవకాయలో, అన్నిట్లోనూ ఉంటుంది. మూడు పూటలా కూడితే హద్దు దాటిపోతుంది. మాకు దానికి తోడు పిండిమర ఒకటి. జొన్నలు పట్టించేవాళ్లం, మరలో మాకన్నా ముందు పోసినవి గోధుమలు. ఈ రెండూ సరిచేశాక ఆరునెలల్లో అంకె దిగింది. ఇప్పుడు ఇంట్లో బియ్యప్పిండితో చేసిన ఇంగువే వాడతాం. గ్లూటెన్ లేదని రాసి ఉన్నవి దొరుకుతున్నాయి.

కాబట్టి హోటల్లో సాంబారు, రసం వద్దు. ఇంగువ ఒక్కటే కాదు, సాంబారు పొడిలో ఏముందో మాస్టరుకే తెలియదు, అది బస్తాల్లో వస్తుంది. మీ బ్యాగులో చిన్న డబ్బాలో ఇంటి కారప్పొడి పెట్టుకోండి. వట్టి ఇడ్లీని బతికించేది అదే.

టిఫిన్లు: నేను నడిపిన కొట్టు కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను

ఇడ్లీ ఉన్నవాటిలోకెల్లా మంచిది. మినప్పప్పు, ఇడ్లీ రవ్వ అంతే. ఆ రవ్వ బియ్యం రవ్వ. కొత్తగా మానినవాళ్లు "రవ్వ" అన్న మాట వినగానే భయపడతారు, ఇక్కడ అక్కర్లేదు. బొంబాయి రవ్వ, గోధుమ రవ్వ, రవ్వ ఇడ్లీ, సేమ్యా ఇవే గోధుమవి. పెనం లేదు, నూనె లేదు, ఆవిరి మీద ఉడుకుతుంది. ఒక్కటి మాత్రం చూడండి. ఆ హోటల్లో రవ్వ ఇడ్లీ కూడా చేస్తుంటే రెండూ ఒకే పాత్రలో వేస్తున్నారేమో అడగండి. చట్నీ విషయానికొస్తే పల్లీ చట్నీ పోపు వెయ్యకముందు తీసిస్తే ఫర్వాలేదు.

దోశ దగ్గర రెండు చిక్కులు. ఒకటి పిండి. బియ్యం, మినప్పప్పుతోనే దోశ వస్తుంది, కాని హోటల్లో కరకరలాడాలని, ఎర్రగా రావాలని గుప్పెడు బొంబాయి రవ్వో మైదానో కలిపేవాళ్లు ఉన్నారు. రెండోది పెనం. రవ్వ దోశ, చపాతీ, పరోటా, పెసరట్టు మీద ఉప్మా, అన్నీ ఆ పెనం మీదే. మాస్టరు నీళ్లు చిలకరించి చీపురుతో ఒక్క ఊపు ఊపుతాడు. అది శుభ్రం చెయ్యడం కాదు, వేడి తగ్గించడం. ఆ చీపురులో పొద్దుటినుంచీ కాల్చిన ప్రతిదాని పొడీ ఉంటుంది. దోశ తినాలనిపిస్తే చపాతీలు, పరోటాలు అమ్మని చిన్న కొట్టు చూసుకుని, పొద్దున్నే పెనం వెలిగించిన వెంటనే మొదటి దోశ మీదే అయ్యేలా వెళ్లండి. నవ్వులాటగా అనిపిస్తుంది గాని మా అమ్మాయి కాలేజీ రోజుల్లో నాలుగేళ్లు ఇదే చేసింది. ఆరున్నరకి తలుపు తీస్తే ఆరూ ఇరవైకి నిలబడి ఉండేది.

పెసరట్టు పిండి మామూలుగా మంచిదే, పెనం సంగతి మాత్రం అదే. ఎమ్మెల్యే పెసరట్టు లోపల ఉప్మా ఉంటుంది కాబట్టి దాని జోలికి వెళ్లొద్దు.

బాండీలో వేగేవి ఏవీ తినకండి. గారెలో ఉన్నది మినప్పప్పే. కాని అదే నూనెలో మైసూర్ బజ్జీ వేగింది, అది మైదా. పూరీ వేగింది, సమోసా వేగింది. పైగా గారెల పిండి పలచనైతే ఏం చేస్తారో తెలుసా? ఒక గుప్పెడు మైదా చల్లి గట్టిపరుస్తారు. నేనూ చేశాను. మిగిలిన దోశపిండిలో మైదా కలిపితే అదే పునుగులు. మిర్చి బజ్జీది శనగపిండే అయినా నూనె కథ మారదు.

పొంగలి దొరికితే మంచిది, బియ్యం, పెసరపప్పు. ఇంగువ వేశారేమో అడగండి.

ఎలా అడగాలి

ఇది అన్నిటికన్నా ముఖ్యం. "గ్లూటెన్ ఫ్రీ ఉందా?" అని ఎప్పుడూ అడక్కండి. ఉందనే చెప్తారు. అబద్ధమాడాలని కాదు, కస్టమరుకి లేదని చెప్పకూడదని నేర్పించి ఉంటాం. అలాగే "ఇందులో మైదా వెయ్యరు కదా?" అని అడిగితే "వెయ్యమండీ" అనేస్తారు. ప్రశ్నలోనే జవాబు ఇచ్చేస్తే ఎదుటివాడు దాన్నే తిరిగిస్తాడు. మా కౌంటర్లో కూర్చుని నేనే ఎన్నిసార్లు అలా చెప్పానో లెక్కలేదు.

"దోశపిండిలో ఏమేం వేస్తారు?" అని అడగండి. వాడే చెప్పాలి. "బియ్యం, మినప్పప్పు, మెంతులు, కొంచెం అటుకులు" అని గడగడా చెప్పాడంటే తెలిసినవాడు. "మామూలేనండీ, అన్నీ వేస్తాం" అన్నాడంటే లేచిపొండి. అడగాల్సింది సప్లయర్ని కాదు, మాస్టర్ని. రద్దీ లేనప్పుడు వెళ్తే మాస్టరు బయటికొచ్చి మాట్లాడతాడు. పొద్దున తొమ్మిదింటికి, మధ్యాహ్నం ఒంటిగంటకి దేవుడొచ్చినా మాట్లాడడు.

జబ్బు పేరు చెప్పొద్దు. మన భాషలో "పడదు" అనే మంచి మాట ఉంది. "నాకు గోధుమ, మైదా, రవ్వ, బార్లీ పడవు, ఆ పిండి అంటిన గరిటె తగిలినా ఆసుపత్రిలో చేరాలి" అనండి. కొంచెం ఎక్కువ చేసి చెప్పినట్టుంటుంది, అలాగే చెప్పండి. హైదరాబాద్ హోటళ్లలో వంటవాళ్లు చాలామంది ఒడిశా, బెంగాల్, బీహార్ నుంచి వచ్చినవాళ్లు. వాళ్లకి గేహూ, ఆటా, మైదా, సూజీ అంటే అర్థమవుతుంది. తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడింట్లో నాలుగేసి ముక్కలు రాసిన చీటీ ఒకటి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని నేరుగా లోపలికి పంపండి.

ఇంకోమాట. పది హోటళ్లు వెతక్కండి, రెండు పట్టుకోండి. వెళ్లిన చోటికే వెళ్లండి, మాస్టర్ని పేరు పెట్టి పలకరించండి, పండక్కి యాభయ్యో వందో చేతిలో పెట్టండి. మూడో నెలకి వాడే "అమ్మా, ఈ రోజు పిండిలో రవ్వ పడింది, ఇడ్లీ తినండి" అని చెప్తాడు. ఏ లేబులూ అంత నిక్కచ్చిగా చెప్పదు.

బిర్యానీ, హైదరాబాద్ సంగతులు

బిర్యానీ అంటే బియ్యమూ మాంసమూ కదా అని నేనూ అనుకున్నాను. మా అమ్మాయి ఉద్యోగంలో చేరిన కొత్తలో స్నేహితులతో ఒక పేరున్న చోటికి వెళ్లి తింది. రాత్రంతా వాంతులు. మర్నాడు నేను వెళ్లి వెనకవైపు చూశాను. దమ్ పెట్టేటప్పుడు హండీ మూత చుట్టూ గోధుమపిండి ముద్ద అంటించి మూస్తారు. మూత తీసేటప్పుడు ఎండిన ఆ ముద్ద పెళ్లలు పెళ్లలుగా విరిగి పైనున్న అన్నంలో పడుతుంది. పైన చల్లే వేయించిన ఉల్లిపాయలు బయటినుంచి కొన్నవైతే వాటికి కూడా మైదా పట్టించి ఉండొచ్చు. తప్పు వాళ్లది కాదు, శతాబ్దాల పద్ధతి అది. అడగాల్సింది మేమే. కొన్నిచోట్ల పిండికి బదులు తడిబట్టో రేకు కాగితమో వాడతారు. అలాంటి చోటు, ఉల్లిపాయలు అక్కడే వేయించే చోటు దొరికితే నిక్షేపంగా తినండి.

హలీమ్ అసలే వద్దు. అందులో మాంసంతోపాటు దంచేది గోధుమలే. రంజాన్ నెలలో ఊరంతా తింటుంటే మీకు మనసు లాగుతుంది, తెలుసు. నిహారీలో చిక్కదనానికి గోధుమపిండి కలుపుతారు. మైదాతో చేసే లుఖ్మీ, బ్రెడ్‌తో చేసే డబుల్ కా మీఠా సంగతి చెప్పక్కర్లేదు. ఖుబానీ కా మీఠా ఆప్రికాట్ పళ్లూ చక్కెరా, అది తినొచ్చు. ఇరానీ చాయ్ తాగండి, పక్కనున్న ఉస్మానియా బిస్కెట్ ఎదుటివాళ్లకి తోసెయ్యండి.

తందూరీ చికెన్ మసాలా మంచిదే అయినా ఆ పొయ్యి గోడలకే నాన్‌లు అంటిస్తారు. చైనా వంటలైతే సోయా సాస్‌లోనే గోధుమ ఉంటుంది. కాబట్టి మంచూరియా, ఫ్రైడ్ రైస్, చికెన్ 65 అన్నీ ఒకే గాటన కట్టి పక్కన పెట్టండి. మీరు రాసిన అజినమోటో గురించి భయం మాత్రం అక్కర్లేదు, దానికీ గ్లూటెన్‌కీ సంబంధం లేదు.

జొన్నరొట్టె మీద నాకున్న నమ్మకం ఒకసారి దెబ్బతింది. జొన్నలో గ్లూటెన్ లేదు, సందేహం లేదు. కాని ఒక రొట్టెల బండి దగ్గర నిలబడి చూస్తే ఆవిడ రొట్టె విరక్కుండా ఉండాలని నాలుగోవంతు గోధుమపిండి కలుపుతోంది. అడిగితే దాచలేదు, "మెత్తగా ఉంటది సార్" అంది. చిరుధాన్యాల హోటళ్లలోనూ అంతే, రాగి దోశలో గోధుమ కలిసి ఉండొచ్చు. "మల్టీగ్రెయిన్" అన్నారంటే దాదాపు గోధుమ ఉన్నట్టే. రాయలసీమ వంటల హోటల్లో రాగి సంగటి, నాటుకోడి పులుసు అయితే నాకు ధైర్యం ఎక్కువ. ముద్దలో రాగిపిండి, బియ్యమే ఉంటాయి, పులుసుకి చిక్కదనం కొబ్బరి, గసగసాల నుంచి వస్తుంది.

ఆఫీసువాళ్లతో వెళ్లేటప్పుడు చోటు మీరే ఎంపిక చెయ్యండి, ఇంకెవరో ఎంచుకునేదాకా ఆగొద్దు. ఆంధ్ర మెస్ అయితే తెల్లన్నం, నెయ్యి, పెరుగు, పోపు వెయ్యని పప్పు, గుడ్డు ఉడికించి ఇమ్మంటే ఇస్తారు. వీలుకాని చోటైతే ఇంట్లో తినేసి వెళ్లి కొబ్బరినీళ్లు తాగుతూ కూర్చోండి. మొదట్లో అందరూ "కొంచెం తింటే ఏమౌతుంది" అంటారు. ఆర్నెల్లకి అలవాటుపడి మీ తరఫున వాళ్లే సప్లయరుతో పోట్లాడతారు.

పది, అంతకుమించి శాఖలున్న హోటళ్లు కేలరీలతోపాటు అలర్జీ కలిగించే పదార్థాల వివరాలు కూడా చెప్పాలని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నిబంధన ఉంది. అడిగే హక్కు మీకుంది, అడగండి. ప్యాకెట్ మీద "గ్లూటెన్ ఫ్రీ" అని ఉంటే కిలోకి 20 మిల్లీగ్రాముల లోపే ఉండాలి. ఆ లెక్కన అర కిలో తిన్నా 10 మిల్లీగ్రాములే. అందుకే ప్రయాణాల్లో హోటల్ కన్నా లేబులున్న ప్యాకెట్ మేలు.

తాగేవి

బీరు బార్లీతో చేస్తారు, అందులో గ్లూటెన్ మిగిలే ఉంటుంది. కొన్ని పబ్బుల్లో ఇచ్చే గోధుమ బీరు ఇంకా ఘోరం. కాబట్టి వద్దు. విస్కీ కూడా బార్లీదే కదా అని మీరు అడిగారు. అది బట్టీలో కాచి దించిన సరుకు. ఆవిరై పైకి వెళ్లేది ఆల్కహాలు, ప్రొటీన్ అడుగునే ఉండిపోతుంది. అందుకని తర్వాత ఏ రుచులూ కలపని విస్కీ, వోడ్కా, జిన్ గ్లూటెన్ లేనివనే లెక్క. రమ్, బ్రాందీ, ద్రాక్షసారా, కల్లు పుట్టుకతోనే మంచివి. తాగమని చెప్పడం లేదు, అడిగారు కాబట్టి చెప్తున్నాను. పక్కన పెట్టే మిక్చరు మాత్రం ముట్టకండి.

మందు సంగతి అందరూ అడుగుతారు గాని, మన ఆడవాళ్లని ఎక్కువ దెబ్బతీసేది బార్లీ నీళ్లు. మూత్రంలో మంట అనగానే ఇంట్లో పెద్దవాళ్లు కాచి ఇస్తారు. అది నేరుగా గ్లూటెన్. అలాగే హార్లిక్స్, బూస్ట్, బోర్న్‌విటా లాంటి మాల్ట్ (మొలకెత్తించిన బార్లీ) పొడులు. బేకరీల్లో మిల్క్‌షేక్ మీద చల్లేది కూడా చూసుకోండి. రాగి మాల్ట్ అంటే బార్లీ మాల్ట్ కాదు, వట్టి రాగిపిండి అయితే నిక్షేపం. చెరుకురసం, కొబ్బరినీళ్లు, నిమ్మసోడా, టీ, ఫిల్టర్ కాఫీ, లస్సీ తాగొచ్చు. మసాలా మజ్జిగలో ఇంగువ, ఫాలూదాలో సేమ్యా ఉంటాయి.

పెళ్లి, ప్రసాదం

పెళ్లికూతురికి చెప్పొద్దు, ఆ హడావుడిలో ఆమెకి గుర్తుండదు. ఆమె దగ్గర క్యాటరింగ్ ఆయన ఫోన్ నంబరు తీసుకుని రెండు రోజుల ముందు మీరే మాట్లాడండి. నా దగ్గరికి అలాంటి ఫోన్ వస్తే నాకేమీ కష్టం అనిపించేది కాదు. వెయ్యిమందికి వండే చోట ఒక గిన్నె అన్నం, ఒక గిన్నె పోపులేని పప్పు పక్కన తియ్యడం ఎంతసేపు? బంతి మధ్యలో వచ్చి అడిగితేనే విసుక్కునేవాళ్లం.

బఫే కన్నా అరిటాకు బంతి మంచిది. బఫేలో పూరీల గరిటె పక్కవాళ్లు తెచ్చి కూరలో ముంచుతారు. మొదటి బంతిలో కూర్చోండి, గిన్నెలూ గరిటెలూ అప్పటికి శుభ్రంగా ఉంటాయి. ఆకు మూలన బొబ్బట్టు, కాజా వడ్డించేస్తారు, విస్తరి వెయ్యగానే ఆ వడ్డించే అబ్బాయికి చెప్పి ఆపండి. పులిహోర ఇంగువ వాసన వేస్తే వదిలెయ్యండి. అన్నం, నెయ్యి, మీ కారప్పొడి, గడ్డపెరుగు, అరటిపండు. లడ్డు శనగపిండిదే అయినా బూంది దూసిన నూనె ఏదో అడగండి.

పెళ్లయ్యాక సత్యనారాయణస్వామి వ్రతానికి కూడా ఉండమంటారేమో. ఆ ప్రసాదం రవ్వతో చేసేది, అంటే గోధుమే. రాజమండ్రి దాటి అన్నవరం వెళ్లినా అంతే, కొండ మీద విస్తరాకులో కట్టి ఇచ్చే ప్రసాదం గోధుమ నూకతో చేస్తారు. మా అమ్మ బతికి ఉండగా దీని మీద ఇంట్లో పెద్ద రగడే జరిగింది. "స్వామి ప్రసాదం తింటే జబ్బు చేస్తుందా?" అని పిల్లకి రవ్వంత పెట్టింది. సాయంత్రానికి పొట్ట పట్టుకుని పడుకుంది. ఆ తర్వాత మా అమ్మే ఒక పద్ధతి కనిపెట్టింది. ప్రసాదం చేతిలోకి తీసుకోకుండా ఆకుతోనే అందుకుని, కళ్లకద్దుకుని, పక్కనున్న పిల్లాడి చేతిలో పెట్టడం. మా అమ్మాయి ఇప్పటికీ అలాగే చేస్తుంది. చక్కెర పొంగలి పెట్టే గుడి అయితే ఈ బాధ లేదు.

పొరపాటున తగిలితే

విరుగుడు మాత్ర లేదు. గ్లూటెన్‌ని అరిగిస్తాయని అమ్మే ఎంజైమ్ మాత్రల్ని నమ్ముకుని ఎవరూ పూరీ తినకండి. నీళ్లు, ఉప్పు వేసిన మజ్జిగ, మెత్తటి అన్నం, విశ్రాంతి. వాంతులు ఆగకపోయినా, నీరసం ఎక్కువైనా ఆసుపత్రికి వెళ్లండి. ఆ రోజు తిన్నవన్నీ రాసిపెట్టుకోండి, మూడోసారికి దొంగ దొరుకుతాడు.

దీనికన్నా భయపడాల్సింది ఏమీ అనిపించకపోవడం. కొందరికి తిన్నా కడుపునొప్పి రాదు, లోపల పేగు మాత్రం అరుగుతూనే ఉంటుంది. "నేను తిన్నాను, ఏమీ కాలేదు" అనేది పరీక్ష కాదు. డాక్టరు చెప్పిన గడువుకి టీటీజీ చేయించుకోవడమే పరీక్ష. మొదటి ఏడాది బయట తిండి వారానికి ఒకసారికి మించనివ్వకండి. అంకె దిగాక మీ హోటళ్లు ఎంత మంచివో మీకే తెలుస్తుంది. హాస్టల్ మెస్ గురించి మీరేమీ రాయలేదు గాని నాకు అదే ఎక్కువ అనుమానంగా ఉంది. చపాతీ పెనం మీదే మీ ఆమ్లెట్ వేస్తున్నారేమో ఒకసారి లోపలికి వెళ్లి చూడండి. చిన్న రైస్ కుక్కర్ పెట్టుకోనిస్తే సగం సమస్య తీరినట్టే.

రాజమండ్రి వెళ్తున్నారు కాబట్టి ఒకటి. ఆత్రేయపురం అక్కడికి దగ్గరే. పూతరేకు రేకు రుబ్బిన పలచటి బియ్యప్పిండితోనే వస్తుంది. నెయ్యి, బెల్లం లేదా చక్కెర వేసిన మామూలువి అడగండి. చాక్లెట్, హార్లిక్స్ అంటూ కొత్త రకాలు పెడతారు, అవి వద్దు. దుకాణంలో కాజాల పక్కన పేర్చినవి కాకుండా మీ ఎదురుగా చుట్టించుకోండి. నాలుగు డబ్బాలు ఎక్కువే తెచ్చుకోండి, ఆఫీసులో పుట్టినరోజు కేకు కోసినప్పుడల్లా డ్రాయర్లోంచి ఒకటి తియ్యొచ్చు.